చూడి ఆవులకు పచ్చగడ్డి సీమంతం

సౌదీ అరేబియాలో పాలు తాగిన ప్రతి మనిషీ నాకు రుణపడి ఉన్నాడు. ఈ మాట సాయంత్రం పూట పార్కు బెంచీ మీద నా తోటి రిటైర్డు మనుషులకి చెప్తే ముసిముసిగా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఒకాయన బ్యాంకులో చేశాడు, ఇంకొకాయన కరెంటు ఆఫీసులో. ఆవు ఎందుకు కూలబడుతుందో వాళ్లకేం తెలుసు? రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, రియాద్‌కి దక్షిణాన ఇసుక మధ్యలో, ఆ రాజ్యపు పాడి సంపద మొత్తం కాళ్లు ముడుచుకుని నేల మీద పడబోతుంటే, ఒక్క మాటతో లేపి నిలబెట్టినవాణ్ని నేను. ఆ ఎరువు ఆపండి అన్నాను. ఆపారు. ఆవులు లేచాయి.

సరే, కొంచెం తగ్గిస్తాను. రాజ్యపు పాడి మొత్తం కాదు, ఒక ఫారం. ఫారం మొత్తం కూడా కాదు, అందులో ఒక దొడ్డి. మిగతా తగ్గింపులు వరసలో వస్తాయి, కంగారు పడకండి.

ఆ ఫారంలో నేను గడ్డి ఆఫీసర్ని. ఇంటికి ఫోన్ చేసినప్పుడు వ్యవసాయ సలహాదారు అని చెప్పుకునేవాణ్ని. మా బావమరిది ఊరంతా తిరిగి ఖర్జూరం తోటలకి పెద్ద అధికారి అని చెప్పాడు. దాన్నీ నేను ఖండించలేదు. కానీ నా పని గడ్డి. ఇసుకలో రోడ్స్ గడ్డి అని ఒక రకం వేసేవాళ్లం. ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి కోస్తూనే ఉండొచ్చు. చక్రాల మీద నిలబెట్టిన పొడుగాటి గొట్టం ఒకటి గడియారం ముల్లులా మెల్లగా తిరుగుతూ, పాతాళం నుంచి తోడిన వేడి వేడి ఉప్పునీళ్లు చల్లేది. అది తిరిగినంత మేరా గుండ్రంగా పచ్చదనం, దాని అంచు దాటితే ఇసుక. అలాంటి ఒక్కో గుండ్రటి పొలాన్ని మేం చక్రం అనేవాళ్లం. విమానంలోంచి చూస్తే ఎవరో ఎడారి ముఖాన పచ్చ బొట్టుబిళ్లలు అంటించి మర్చిపోయినట్టు ఉండేది.

ఆ బొట్టుబిళ్లల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది గేటు పక్కది. మంచి నేల అని కాదు, రోడ్డు మీదికి కనబడుతుంది కనుక. మా యజమాని ఎప్పుడో ఒకసారి కారులో వచ్చేవాడు. దిగేవాడు కాదు. ఆ చక్రం పక్కన కారు ఆగేది, వెనక అద్దం కొంచెం దిగేది, లోపలి నుంచి ఒక జత నల్ల కళ్లద్దాలు గడ్డిని చూసేవి, అద్దం ఎక్కేది, కారు వెళ్లిపోయేది. మా మేనేజరు ఐర్లాండు వాడు. పుట్టుకతోనే గడ్డి తెలిసిన జాతి అని తన గురించి తనే చెప్పుకునేవాడు. అద్దం ఎంత దిగిందన్న దాన్ని బట్టి ఆ నెలంతా ఆయన మొహం ఉండేది. సగం దిగితే నవ్వేవాడు. బెత్తెడు దిగితే మాకు మీటింగు.

కాబట్టి గేటు చక్రానికి అన్నీ రెట్టింపు. నేను గొట్టంలో పొటాషు కలిపి పంపేవాణ్ని, నత్రజని పంపేవాణ్ని, ఇంకా ఏమైనా సంచులు మిగిలితే అవీ పంపేవాణ్ని. అది చాలదన్నట్టు ఆవుల దొడ్ల నుంచి వచ్చే పేడనీళ్లు కూడా దానికే. ఫారంలోని చక్రాలన్నిటికీ పంచి పొయ్యాలని రూలు ఉంది. కానీ ఆ ట్యాంకర్ నడిపేది పెషావర్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన. దగ్గర్లో చక్రం పెట్టుకుని దూరానికి ఎందుకు పోవాలి అనేది ఆయన వాదం. నేను రూలు గుర్తు చేస్తే గడ్డం నిమురుకుంటూ, "ఘాస్ తో ఘాస్ హై, సాబ్" అనేవాడు. గడ్డి గడ్డేనట. దీనికి నా డిగ్రీలో జవాబు లేదు. పైగా ఆయన పోసిన కొద్దీ నా గడ్డి ఇంకా పచ్చబడేది. నాకేం నష్టం?

ఎంత పచ్చన అంటే చెప్తే నమ్మరు. ఆ గడ్డి రంగు చూసి పక్షులు దారి తప్పేవి. అంటే, ఒక కొంగ వచ్చింది. ఒకసారి. ఆ తర్వాత నేనే ఆ కొంగ గురించి చాలా సార్లు చెప్పాను.

ఇలాంటి గడ్డి కోసి, ఎండబెట్టి, బేళ్లు కట్టాక ఎవరికి పెట్టాలి? ఇక్కడే నా తెలుగు బుర్ర పని చేసింది. మేనేజరుతో, మా వైపు కడుపుతో ఉన్న ఆడపిల్లకి ఇంట్లో ఉన్నవాటిల్లో మంచివన్నీ పెడతాం, ఒడి నింపుతాం, నోరు తీపి చేస్తాం అని సీమంతం గురించి ఆవేశంగా చెప్పాను. ఈనడానికి సిద్ధంగా ఉన్న చూడి ఆవుల దొడ్డి కూడా గేటుకి దగ్గరలోనే ఉంది. ఫారంలోకెల్లా మేలైన గడ్డి వాటికే పెడదాం అన్నాను. ఐర్లాండాయన కళ్లు చెమ్మగిల్లాయి. ఇది కొంచెం పెంచాను, ఆయన తల ఊపాడు. మొదటి బేలు నా చేతులతోనే విప్పి పరిచాను. గాజులూ పసుపు కుంకుమా మాత్రమే తక్కువ. ఆవులు మొహం అందులో దూర్చి తిన్నాయి. ప్రపంచంలో ఇంత మంచి మామగారు ఇంకొకడుండడు అనుకుంటూ గదికెళ్లి పడుకున్నాను.

ఈనడం మొదలైంది. ఈనిన ఆవు ఈనినట్టే కూలబడటం కూడా మొదలైంది.

మా పశువుల డాక్టరు వరంగల్ వైపు మనిషి. నాకన్నా చిన్నవాడు, సన్నగా, ఎప్పుడూ చొక్కా జేబులో సిరంజి మూత ఒకటి పెట్టుకుని తిరిగేవాడు. ఆయన ఆ ఇసుకలోకి వచ్చిన కారణం ఒక్కటే. ఆయన భార్య మాకు దగ్గర్లోని ఊళ్లో ఆస్పత్రిలో నర్సు. భీమవరం వైపు అమ్మాయి. పెళ్లయిన దగ్గర్నుంచి ఆవిడ సౌదీలో, ఆయన వరంగల్లో, మధ్యలో ఫోన్ కార్డులు. ఈ ఫారంలో డాక్టరు కావాలన్న సంగతి ఆవిడే ఎవరో పేషెంటు నోట విని, వీసా వచ్చేదాకా వెంటపడి, ఆయన్ని రప్పించుకుంది. ఊళ్లో ఒక దర్జీ దుకాణం పైన రెండు గదులు తీసుకున్నారు. శుక్రవారం శుక్రవారం నేను కంపెనీ బస్సులో వెళ్లి వాళ్లింట్లో భోంచేసేవాణ్ని. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అనేది. గోదావరి చేతి చేపల పులుసు ఆ దేశంలో దొరికిన ఒకే ఒక్క ఇల్లు అది. దాని గురించి మాత్రం ఏమీ పెంచి చెప్పనక్కర్లేదు.

ఆవులకి వచ్చినదాన్ని పాల జ్వరం అంటారు. పేరులో జ్వరం ఉంది గానీ ఒళ్లు చల్లబడిపోతుంది. చెవులు పట్టుకుంటే చల్లగా తగుల్తాయి. ఆవు మెడ పక్కకి తిప్పి డొక్కలో తల పెట్టుకుని, తన లోకంలో తను ఉంటుంది. డాక్టరు కాల్షియం సీసా ఎత్తి పట్టుకుని నరంలోకి చుక్క చుక్కగా ఎక్కించేవాడు, రెండో చేత్తో స్టెతస్కోపు దాని గుండె మీద పెట్టుకుని. తొందరపడితే గుండె ఆగిపోతుంది. ఎక్కాక చాలా ఆవులు ఒక పెద్ద తేన్పు తేన్చి, ఏమీ జరగనట్టు లేచేవి. కొన్ని లేచేవి కావు.

మేనేజరు తర్కం చాలా చక్కగా ఉండేది. మేత చూడు, ఫారంలోకెల్లా పచ్చనిది. కనుక మేతలో లోపం లేదు. నీళ్లు అవే, దొడ్డి అదే. మిగిలింది డాక్టరే. ఆయన్ని ఆఫీసులోకి పిలిచి, ఈ ఈత కాలం అయ్యేసరికి ఆవులు పడటం ఆగకపోతే కాంట్రాక్టు పొడిగించనని, ఎగ్జిట్ కొట్టించి పంపేస్తానని మర్యాదగా చెప్పాడు. కాఫీ కూడా ఇచ్చాడట. ఎగ్జిట్ అంటే సామాను సర్దుకుని శాశ్వతంగా ఇంటికి. ఆవిడ ఉద్యోగం ఇక్కడ, ఈయన వరంగల్లో. మళ్లీ ఫోన్ కార్డులు.

ఆ మర్నాడు డాక్టరు చూడి ఆవుల దొడ్లో ఒక విచిత్రమైన పని మొదలుపెట్టాడు. చేతిలో ప్లాస్టిక్ కప్పు పట్టుకుని ఒక్కొక్క ఆవు వెనకా నిలబడి, తోక కింద మెల్లగా నిమురుతూ, అది ఎప్పుడు మూత్రం పోస్తుందా అని కాచుకునేవాడు. పోసీ పొయ్యగానే కప్పులో పట్టి, అందులో ఒక రంగు కాగితం ముంచేవాడు. ట్యాంకర్ పెద్దాయన బండి ఆపి మరీ చూసి, డాక్టర్ సాబ్‌కి క్యాంటీన్ చాయ్ నచ్చడం లేదా అని నన్నడిగాడు. నేను విరగబడి నవ్వాను. నవ్వుతూనే దగ్గరికెళ్లాను.

"ఇది జెర చూడన్నా," అని కాగితం చూపించాడు. "నీలం."

"బాగుంది. మా గడ్డి పచ్చ, మీ కాగితం నీలం. జెండా ఎగరేద్దామా?"

"ఈ దొడ్డిల అన్నిటికీ గిట్లనే వస్తున్నది. ఒంట్ల క్షారం ఎక్కువైంది. గట్లుంటే ఎముకలల్ల ఉన్న కాల్షియం బయటికి రాదు. ఈనంగనే కాల్షియం పాలల్లకు పోతది, ఎముకలేమో ఇస్తలేవు. ఇగ ఆవు నిలవడ్తదా?"

"దానికీ మా గడ్డికీ ఏంటి సంబంధం?"

"నీ గడ్డి నిండ పొటాషే కదన్నా."

ఈ ముక్క నాకు తెలీదా? కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. గడ్డికి పొటాషియం దగ్గర సిగ్గూ ఎగ్గూ లేదు. బఫే భోజనంలో పెళ్లివారు ప్లేటు నింపుకున్నట్టు, అవసరం ఉన్నా లేకపోయినా పోసినంతా పీల్చుకుంటుంది. దాని ఎదుగుదలకి కావలసింది ఎప్పుడో అందిపోయింది, అయినా పీలుస్తూనే ఉంటుంది. అలా పీల్చిన కొద్దీ కాల్షియం, మెగ్నీషియం లాంటివి వేళ్ల దగ్గర వరసలో నిలబడి లోపలికి రాలేక వెనక్కి పోతాయి. పైకి చూస్తే నిగనిగలాడే గడ్డి, లోపల ఒకటే సరుకు. పాలిచ్చే ఆవు దాన్ని తట్టుకుంటుంది. ఆ ఎండలకి చెమటలోనూ పాలలోనూ పొటాషియం పోతూ ఉంటుంది కనుక దానికి కొంత అవసరం కూడా. కానీ పాలు ఆపేసి ఈతకి సిద్ధంగా ఉన్న ఆవుకి కావలసింది బక్కచిక్కిన, రంగులేని, ఎవరూ పట్టించుకోని గడ్డి. సీమంతానికి చద్దన్నం పెట్టాలన్నమాట. ఇదంతా తెలిసి, తెలిసిన సంగతి పచ్చరంగు కింద మర్చిపోయాను. రంగు అలాంటిది.

డాక్టరు కోరిన కోరిక ఇంకా ఘోరం. ఫారం చివర్లో, ఇసుక దిబ్బల వెనక, ఒక చక్రం ఉంది. దాని ఎరువు పంపు ఎప్పుడో చెడిపోతే బాగు చేయించలేదు. ట్యాంకర్ అంత దూరం పోదు. అక్కడి గడ్డి పుల్లలు పుల్లలుగా, చీపురు రంగులో ఉండేది. మేనేజరు అటు వెళ్లకుండా నేను చాలా కష్టపడేవాణ్ని. అడిగితే దానికి విశ్రాంతి ఇచ్చాను అనేవాణ్ని. దాన్నే ఈనబోయే ఆవులకి ఇమ్మన్నాడు.

"అది మేత కాదు డాక్టరూ, నా అప్రతిష్ట. దాన్ని తీసుకొచ్చి గేటు పక్కన పెడితే నా పరువేం కావాలి?"

"నీ పరువు గేటు కాడనే ఉండనియ్యన్నా. నాకు గా చీపురుగడ్డి ఇయ్యి. నా నౌకరి దాన్ల ఉన్నది."

ఇక్కడ నేను ఎలా ప్రవర్తించానో రాసేటప్పుడు నాకే గర్వంగా ఉంది. కొంచెం ఆలోచించాను, అంతే. రంగు గొప్పదా, మనిషి గొప్పవాడా అని. ఆ శుక్రవారం వాళ్లింటికి వెళ్తే ఆవిడ వడ్డిస్తూ, ఆ గడ్డేదో మా ఆయనకి ఇప్పించకూడదా అన్నయ్యగారూ అని అడిగింది. నా మనసు వెన్నలా కరిగిపోయింది. మరుసటి వారమే బేళ్లు మోసే లోడర్‌ని పిలిచి, గేటు గడ్డి చూడి ఆవులకి బంద్, దిబ్బల వెనక గడ్డి తెచ్చి వెయ్యి అన్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే యజమాని కారు వచ్చి, అద్దం మొత్తం దిగి, ఆయన పందెం ఒంటెల కోసం లారీలు రావడం కూడా జరిగింది గానీ, అది వేరే సంగతి.

చీపురుగడ్డి చూసి ఆవులు మొదట నా మొహం చూశాయి. సీమంతం మధ్యలో విస్తరి లాగేసినట్టు. ఆకలేశాక తిన్నాయి. డాక్టరు కప్పు పట్టుకుని వాటి వెనక తిరుగుతూనే ఉన్నాడు. కాగితం మీద నీలం మెల్లగా పలచబడుతూ వచ్చింది. ఆ తర్వాత ఈనిన ఆవులు నిలబడే దూడల్ని నాకాయి. ఒకటీ అరా తూలాయి, వాటికి సీసా ఎక్కించాడు, లేచాయి. దొడ్లో పడుకున్న ఆవుని చూస్తే గుండె జారే డాక్టరు, అది నెమరువేస్తూ పడుకుందని తెలుసుకుని దాని పక్కనే కూర్చోవడం నేను చూశాను.

మేనేజరు ఏమన్నాడో తెలుసా? వాతావరణం చల్లబడింది కదా అన్నాడు. తర్వాత, డాక్టరు మొత్తానికి పని నేర్చుకున్నాడు అని కూడా అన్నాడు. కాంట్రాక్టు పొడిగించాడు. గడ్డి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే గేటు చక్రం గురించి మాట్లాడాలి, గేటు చక్రం గురించి మాట్లాడితే కారు అద్దం గురించి మాట్లాడాలి. అంత దూరం ఎవరు పోతారు?

వరసలో వస్తాయన్న తగ్గింపుల్లో ఇంకొకటి ఇక్కడ పెడతాను. ఎరువు ఆపండి అన్నానని మొదట్లో రాశాను. అనలేదు. గేటు చక్రానికి ఆ తర్వాత కూడా పొటాషు అలాగే పోశాను, పెద్దాయన పేడనీళ్లు అలాగే పోశాడు, నేను ఆ దేశం వదిలిన రోజు కూడా అది అందరి కళ్లూ కుట్టేలా ఉంది. ఆవులు ఎందుకు పడుతున్నాయో కనిపెట్టింది కూడా నేను కాదు, మీరే చదివారు. నేను చేసింది ఒక్కటే. ఏ గడ్డి ఎవరికి పోవాలో మార్చాను. స్నేహం కోసం నా పచ్చదనాన్ని వదులుకున్నాను. ఆ పై శుక్రవారం వాళ్లింట్లో చేపల పులుసు రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను. ఈ ఒక్కటి మాత్రం ఎవరూ తగ్గించలేరు.

ఇదంతా రాసి, మొన్న వాళ్లకి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఇద్దరూ ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నారు. డాక్టరు మొదటి నుంచి చివరి దాకా ఊ కొడుతూ విన్నాడు. అయిపోయాక, "మంచిగ రాసినవన్నా. గట్లనే ఉండనియ్యి," అన్నాడు. ఉండనియ్యి అనడంలో ఏదో తేడాగా అనిపించి, ఎక్కడైనా తప్పు పోయిందా అని అడిగాను. ఏం లేదు, ఏం లేదు అంటున్నాడు. ఈలోగా వెనక నుంచి ఫోన్ చెయ్యి మారిన చప్పుడు వినిపించింది.

"అన్నయ్యగారూ, మీరు గడ్డి మార్చలేదండి. ఆ గేటు గడ్డి చూసి ముచ్చటపడి, ఉన్న బేళ్లన్నీ మీ యజమాని ఒంటెలకి లారీల్లో ఎక్కించుకుపోయాడు. మిగతా చక్రాల గడ్డి పాలిచ్చేవాటికే చాల్లేదు, చూడి ఆవులకి వెయ్యడానికి మీ దగ్గర ఆ చీపురుగడ్డి తప్ప ఇంకోటి మిగల్లేదు. నేను నోరు విడిచి అడిగితే, నువ్వు పేషెంట్లని చూసుకో అమ్మా, గడ్డి సంగతి నాకొదిలెయ్ అన్నారు. మా ఆయన ఉద్యోగం నిలబెట్టింది ఒంటెలండి. ఆ పై శుక్రవారం మా ఇంటికొచ్చి, నా పచ్చగడ్డంతా పోయిందని దిగులు పెట్టుకు కూర్చున్నారు. పులుసు ముట్టుకోనే లేదు."